మత్స్యగంధిని యోజనగంధిని చేయకండి

మన మ్యూజియాలను కట్టినవాళ్ళు ఏనాడూ చేపలు తినలేదా? ఈ ప్రశ్న మొరటుగా ఉన్నదని నాకు తెలుసు. అయినా అడగక తప్పదు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియాన్ని 1951 డిసెంబరులో నెహ్రూ ప్రారంభించాడు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ దేశదేశాల నుంచి కూడబెట్టిన వస్తువులకు అది నిలయం. గంటగంటకూ ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టిపోయే గడియారం ముందు అక్కడ రోజూ వందలమంది నిలబడతారు. నేనూ నిలబడ్డాను. ఆ గడియారం మీద నాకు కోపం లేదు. కాని ఆ ప్రభువుల విస్తళ్ళలోకి చేప ఎక్కడినుంచి వచ్చింది? దాన్ని పట్టిన వల ఏది? ఆ వల అల్లిన వేళ్ళు ఎవరివి? ఈ ప్రశ్నలకు ఆ భవనంలో సమాధానం దొరకదు.

విశాఖపట్నం పోదాం. అక్కడి బీచి రోడ్డు మీద 'కురుసుర' అనే జలాంతర్గామిని ఒడ్డుకు లాగి 2002లో మ్యూజియంగా మార్చారు. దాని సమీపంలోనే 2017లో నౌకాదళపు గస్తీ విమానాన్ని కూడా తెచ్చి నిలబెట్టారు. మంచిదే. దేశరక్షణ గౌరవించదగినదే. అదే రోడ్డున ఉత్తరంగా కొంచెం దూరం పోతే జాలరిపేటలు వస్తాయి. దుంగలను తాళ్ళతో కలిపికట్టిన తెప్ప మీద, ఇంజను లేకుండా, కెరటం దాటి సముద్రంలోకి పోయినవాళ్ళ సంతతి అక్కడ ఉన్నది. ఆ తెప్పకు ఆ ఒడ్డున అటువంటి ఇల్లు నాకు కనబడలేదు. గిరిజన మ్యూజియాలలో ఏదో ఒక మూల ఒక చేపల బుట్ట ఉండవచ్చు. దాని కింద చీటీ మీద "చేపల బుట్ట" అని రాసి ఉంటుంది. అల్లినవాడు దాన్ని ఏ పేరుతో పిలిచాడో ఉండదు.

ఇది మ్యూజియం అధికారుల ఏమరుపాటు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఈ అలవాటు మన సాహిత్యంలో వేల ఏళ్ళనాటిది. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక ఈ సంగతి నాకు బాగా తెలుసు. భారతంలో దాశరాజు కూతురు సత్యవతి పడవ నడిపే పిల్ల. ఆమె ఒంటికి చేపల వాసన ఉన్నందున మత్స్యగంధి అన్నారు. పరాశరుడు వరమిచ్చి ఆ వాసన పోగొట్టి, ఆమడ దూరం పరిమళించే యోజనగంధిని చేశాడు. ఆ తర్వాతనే శంతనుడికి ఆమె కావలసివచ్చింది. ఆ తర్వాతనే ఆమె కురువంశానికి రాణి అయింది. చేపలవాళ్ళ పిల్ల రాజాంతఃపురంలోకి రావచ్చు. చేపల వాసన మాత్రం రాకూడదు. ఇదీ కవి మనకు చెప్పకుండానే చెప్పిన షరతు.

శాకుంతలం ఆరవ అంకం మొదట్లో మరొక జాలరి వస్తాడు. చేప కడుపులో దొరికిన ఉంగరం అమ్మబోతూ రాజభటులకు పట్టుబడతాడు. వాళ్ళు అతన్ని కొడతారు, అతని వృత్తిని వెక్కిరిస్తారు. పుట్టుకతో వచ్చిన పనిని, లోకం నిందించినా సరే, వదలరాదని అతడు ఎదురు జవాబు చెబుతాడు. చివరికి రాజుగారి బహుమతి వస్తే అందులో సగం ఆ కొట్టినవాళ్ళకే ఇవ్వవలసివచ్చింది. రాజుకు జ్ఞాపకం తిరిగివచ్చింది, కథ స్వర్గందాకా పోయింది. జాలరి మాత్రం నాటకంలో మళ్ళీ కనబడడు. ఉంగరం కావాలి, మనిషి అక్కరలేదు. ఈ రెండు కథల్నీ మనం రసానందంతో పాఠం చెబుతాం, పరీక్షలో ప్రశ్న ఇస్తాం. వాటిలో వృత్తి మనిషికి జరిగినదేమిటని ఎన్ని తరగతుల్లో అడిగాం?

ఈ నేపథ్యంలోనే నేను మ్యూజియం ప్రస్తావన తెస్తున్నాను. మత్స్యకారుల జీవితానికి మ్యూజియం పెట్టడం సాధ్యమా, పెడితే ఎవరు పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నవి ఊహాప్రశ్నలు కావు. జీతం పుచ్చుకోని మామూలు మనుషులు దీన్ని చేసి చూపించిన చోట్లున్నాయి. అందులో రెండు మనకు పాఠం చెప్పదగినవి. రెండూ ఇంగ్లండులోనివే గాని రెండింటి కథా ఒకటి కాదు.

మొదటిది దక్షిణ తీరాన ఉన్న హేస్టింగ్స్. అక్కడ రేవు లేదు. పడవలను గులకరాళ్ళ ఒడ్డు మీదికే లాగుతారు, ఒడ్డు మీదనుంచే నీళ్ళలోకి తోస్తారు. 1854లో ఆ బెస్తవాడలో జాలరుల కోసం ఒక చిన్న చర్చి కట్టారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అది చర్చిగా పనికిరాకుండా పోయింది. పాత ఊరిని కాపాడుకోవాలని ఏర్పడిన స్థానికుల సంఘం ఆ కట్టడాన్ని తీసుకుని 1956లో జాలరుల మ్యూజియం తెరిచింది. 1912లో కట్టిన 'ఎంటర్‌ప్రైజ్' అనే తెరచాప పడవను లోపలికి తేవడానికి ద్వారం చాలకపోతే గోడ కూల్చి, పడవను తెచ్చి, మళ్ళీ గోడ కట్టారు. పడవకోసం గుడిగోడ పడగొట్టిన ఆ పని నాకు ఎంతో నచ్చింది. ఇప్పుడు కూడా ఆ మ్యూజియం బయటికి వస్తే ఎదుట ఒడ్డు మీద నిజమైన పడవలుంటాయి, వలలుంటాయి, ఆనాటి చేప ఉంటుంది. లోపల తాత పడవ, బయట మనుమడి పడవ.

రెండవది తూర్పు తీరాన ఉన్న హల్. అది పెద్ద రేవు. అక్కడివాళ్ళు యజమానుల ఓడల మీద కూలికి ఐస్‌లాండు దాకా, ఆర్కిటిక్ మంచు దాకా పోయి చేపలు పట్టారు. 1968 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మూడు వారాల వ్యవధిలో మూడు ఓడలు మునిగి 58 మంది చనిపోయారు. హెస్సిల్ రోడ్డు వాడలోని ఆడవాళ్ళు లిలియన్ బిలోకా అనే చేపల కార్ఖానా కూలిమనిషి నాయకత్వాన లేచారు. ప్రతి ఓడలోనూ రేడియో మనిషి ఉండాలని కోరుతూ లండన్ పోయి మంత్రులను నిలదీసి, భద్రతా నిబంధనలు మార్పించారు. 1976లో ఐస్‌లాండుతో వివాదం బ్రిటన్‌కు వ్యతిరేకంగా ముగియడంతో ఆ దూరసముద్ర పరిశ్రమ కూలింది. సెయింట్ ఆండ్రూస్ రేవు అంతకుముందే, 1975లో, మూతపడింది. ఆ తర్వాత ఆ రేవు స్మృతిని కాపాడాలని కొందరు స్వచ్ఛందంగా సంఘం పెట్టుకున్నారు. 1960లో కట్టిన 'ఆర్కిటిక్ కోర్సేర్' అనే ఓడను బాగుచేసి 1999లో జనానికి తెరిచారు. ఆ ఓడలో తిప్పి చూపించినవారిలో మాజీ నావికులు చాలామంది. వారు గొప్ప పని చేశారు. కాని వాళ్ళు చూపించింది చచ్చిపోయిన వృత్తిని.

హల్ కథలో మరొక ముక్క ఉన్నది. అదే నా వాదానికి ప్రాణం. పరిశ్రమ కూలినప్పుడు ఆ నావికులను విడిరోజుల కూలీలుగా లెక్కగట్టి, ఉద్యోగం పోయినవారికి చట్టప్రకారం రావలసిన పరిహారం ఇవ్వలేదు. పాతికేళ్ళ దాకా పోరాడితేగాని, 2000 సంవత్సరంలోగాని, ప్రభుత్వం పరిహారం ప్రకటించలేదు. పని చేసిన ఒక్కొక్క ఏడాదికి వెయ్యి పౌన్లు, మొత్తం మీద ఇరవైవేలకు మించకుండా. అప్పుడు ప్రతి మనిషీ ఏ ఓడలో, ఏ ఏడాది, ఎన్నాళ్ళు పనిచేశాడో రుజువు చూపవలసివచ్చింది. రుజువు అన్నది కాగితం రూపంలోనో, ఫొటో రూపంలోనో, సాటి మనిషి సాక్ష్యంగానో ఎక్కడో ఒకచోట నిలిచి ఉండాలి. జ్ఞాపకం అంటే సంధ్యవేళ కూర్చుని తలపోసుకునే తీపి వస్తువని అనుకునేవారు ఈ సంగతి కొంచెం ఆలోచించాలి.

ఇక మా ఊరి సంగతికి వస్తాను. నేనుండేది మామిడిపల్లి. పక్కనే శంషాబాదు విమానాశ్రయం. దాదాపు 5,500 ఎకరాల భూమిలో వెలసి 2008 మార్చిలో తెరుచుకున్నది. మాకు ఉత్తరాన జల్‌పల్లి చెరువు. శంషాబాదుకు అవతల హిమాయత్‌సాగర్. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచిన తర్వాత, మళ్ళీ అటువంటిది రాకుండానూ, నగరానికి తాగునీరు దొరికేటట్లూ ఉస్మాన్‌సాగర్‌నూ (1920), హిమాయత్‌సాగర్‌నూ (1927) కట్టారు. ఈ చరిత్ర పిల్లలకు చెబుతాం. విశ్వేశ్వరయ్యగారి పేరు చెబుతాం, నిజాం పేరు చెబుతాం. ఆ నీళ్ళ మీద పుట్టి వేసుకుని బతికిన గంగపుత్రుల పేరు చెప్పం. పాఠ్యపుస్తకంలో చెరువంటే కట్టించిన ప్రభువు, పారిన ఆయకట్టు, అంతటితో సరి.

ఆ చెరువుల గతి ఏమవుతున్నదో అందరికీ తెలుసు. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాలలో, కట్టడాలను అదుపు చేస్తూ 1996లో 111వ నంబరు ఉత్తర్వు వచ్చింది. ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ 2022లో మరొక ఉత్తర్వు వచ్చింది. రెండింటి మీదా పత్రికల్లో వాదాలు సాగాయి. భూమి ధర గురించి మాట్లాడారు, తాగునీటి గురించి మాట్లాడారు. ఆ నీళ్ళలో వల వేసేవాణ్ణి పిలిచి నీ మాటేమిటని అడిగినవారు బహు తక్కువ. ఎందుకు అడగాలి? అతడు అక్కడ ఉన్నాడని చెప్పే పుస్తకం లేదు, బొమ్మ లేదు, గది లేదు. మృగశిర కార్తె వచ్చిన రోజున మాత్రం నగరమంతటికీ చేప గుర్తుకువస్తుంది. మర్నాటికి మరిచిపోతుంది.

ఇప్పుడు నా మీదికి రాగల ఆక్షేపణలు చూద్దాం.

ఒక మిత్రుడు అన్నాడు: "చేపలవాడికి కావలసింది చెరువు మీద హక్కు, గిట్టుబాటు ధర, పడవకు అప్పు. నువ్వు మ్యూజియం అంటున్నావు. ఆకలిగొన్నవాడికి అద్దాలబీరువా చూపిస్తావా?" ఈ మాటలో నిజాయితీ ఉన్నది. అందుకే దీన్ని తోసిపుచ్చను. కాని ఇందులో ఒక పొరపాటు దాగి ఉన్నది. హక్కుకూ జ్ఞాపకానికీ సంబంధం లేదని మిత్రుడి ఊహ. తెలంగాణలో చెరువుల్లో చేపలు పట్టే హక్కు ఎవరిది, సహకార సంఘంలో సభ్యత్వం ఎవరికి అని గంగపుత్రులకూ ముదిరాజులకూ మధ్య నేటికీ తగాదా నడుస్తున్నది. ఈ తగాదాలో ప్రతివారూ చరిత్రనే సాక్ష్యానికి పిలుస్తున్నారు. ఆ చరిత్ర ఎక్కడున్నది? నోటిమాటల్లో ఉన్నది. నోటిమాట మనిషితోపాటు పోతుంది. అప్పుడు బలమున్నవాడు చెప్పిందే చరిత్ర అవుతుంది. చెరువును పూడ్చి ఇళ్ళ స్థలాలు అమ్మేవాడికి కావలసింది కూడా సరిగ్గా ఇదే: ఇక్కడ ఎప్పుడూ నీళ్ళు లేవు, వల లేదు, మనిషి లేడు. హల్ నావికుడు పాతికేళ్ళ తర్వాత చూపించవలసివచ్చిన రుజువును మన జాలరి రేపు చూపించవలసి రాదని ఎవరు హామీ ఇవ్వగలరు?

రెండవ ఆక్షేపణ సర్కారును నమ్ముకున్నవారిది. ప్రభుత్వం చేస్తుంది, మీరెందుకు తొందరపడతారు అంటారు. ప్రభుత్వం చేసే పనులను నేను కాదనను. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకున్నది. 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదిలారు. కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించారు. కాని వదిలిన పిల్లల్లో ముఖ్యమైనవి బొచ్చె, రవ్వ వంటి తొందరగా తూకం పెరిగే జాతులు. కొర్రమీనుకు బిరుదు దక్కింది, చెరువు దక్కడం కష్టమైంది. జెల్లలు, పరకలు, బొమ్మిడాయిలు వగైరా చిన్న చేపల పేర్లు నా విద్యార్థుల్లో చాలామందికి తెలియవు. ప్రభుత్వపు లెక్కకు టన్నులు కావాలి. పేర్లు లెక్కలోకి రావు. పేర్లు మనం రాసుకోవలసిందే.

స్వచ్ఛందంగా ఇటువంటి పని చేయడం మన జాతికి అలవాటు లేదని ఎవరైనా అంటే అది శుద్ధ అబద్ధం. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు చోటు లేని కాలాన, 1901లో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని స్థాపించింది ఏ ప్రభుత్వం సొమ్ముతో? 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలవల మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని పల్లెపల్లెకూ తిప్పింది ఎవరి ఆజ్ఞతో? రాజుల వంశవృక్షాలే చరిత్ర అనుకునే రోజుల్లో సురవరం ప్రతాపరెడ్డిగారు జనం తిండి, బట్ట, ఆటపాటలు వెదికి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఇచ్చారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యాన 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం కోసం ఊరూరా రైతుల దగ్గర నాగలి భాగాల పేర్లు అడిగి రాసుకున్నారు. తర్వాత చేనేత పదాలకూ ఒక సంపుటం వచ్చింది. మన కాలంలో ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు దశాబ్దాల తరబడి తిరిగి సేకరించిన జానపద, గిరిజన వాద్యాలనూ కళారూపాలనూ హైదరాబాదులో జనం చూశారు. దారి ఉన్నది. నడిచినవారున్నారు. చేపల చెరువు దాకా మనం పోలేదు, అంతే.

మూడవ ఆక్షేపణ నాది. మ్యూజియం పెడదామని ఉత్సాహపడే సంస్కృతీప్రియుల మీద. విమానాశ్రయం వైపు పోయే దారుల్లో గోడలకు వల వేలాడదీసి, మూలన ఒక పుట్టిని బోర్లించి, దాని కింద రంగు దీపం పెట్టిన భోజనశాలలు నేను చూశాను. అది కూడా వారసత్వమేనట! అక్కడ వలకు తడి లేదు, వాసన లేదు, చిరుగు లేదు. ఈ పెద్దమనుషులు చేసేది పరాశరుడు చేసిన పనే. మత్స్యగంధిని యోజనగంధిని చేస్తున్నారు. ఇటువంటి మ్యూజియం ఒకటి వెలిస్తే నష్టమే ఎక్కువ. చెరువు పూడిపోయిన చోట చెరువు బొమ్మ పెట్టి, మేము మరిచిపోలేదు చూశారా అని చేతులు దులుపుకోవడానికి అది పనికివస్తుంది.

కాబట్టి నాకు కావలసిన మ్యూజియం ఎటువంటిదో స్పష్టంగా చెబుతాను.

అది చెరువుగట్టు మీదనో, సముద్రపు ఒడ్డు మీదనో ఉండాలి, నగరం నడిబొడ్డున కాదు. ఒక్క గది చాలు. దాని తాళంచెవి మత్స్యకారుల సంఘం చేతిలో ఉండాలి. మనలాంటి చదువుకున్నవాళ్ళం అక్కడ రాతపనికి కుదిరిన గుమాస్తాలం. విసురువల, గాలం, ఊత, పుట్టి అక్కడ ఉండాలి. వాటిని వాడేవాళ్ళు వాటికి పెట్టిన పేర్లే చీటీల మీద ఉండాలి. నూలు వల పోయి నైలాను వల వచ్చినప్పుడు ఏ పని తగ్గింది, ఎవరి పని పోయింది అన్నది కూడా చెప్పాలి. చేప పట్టినవాడితోపాటు గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మిన ఆడమనిషి కథ ఉండాలి. ఆమె తూకం లేకుండా కుప్పలు పెట్టి బేరమాడిన లెక్క ఉండాలి. హెస్సిల్ రోడ్డు ఆడవాళ్ళు లేకుండా హల్ చరిత్ర ఎట్లా లేదో, వీరు లేకుండా మన చరిత్రా లేదు. కులం సంగతి దాచకూడదు. గంగపుత్ర, బెస్త, ముదిరాజు, జాలరి, వాడబలిజ, పట్టపు అన్న పేర్లు ఎట్లా పుట్టాయో, ఎవరిని ఎవరు ఎందుకు దూరం పెట్టారో చెప్పాలి. ఒక కులం గొప్పను మరొక కులం మీద చాటే వేదికగా మాత్రం మారకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ గది గోడ మీద చెరువు పటం ఉండాలి: పాత హద్దు ఎక్కడిది, ఈనాటి నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయి, మధ్యలో ఏం లేచింది. ఈ పటం పెట్టడానికి భయపడే మ్యూజియం తలుపులు తెరవకపోయినా నష్టం లేదు.

ఇది ఎప్పుడు చేయాలి అన్నదానికి హేస్టింగ్స్, హల్ రెండూ కలిసి జవాబు చెప్పాయి. వృత్తి బతికుండగా చేస్తే వృత్తికి తోడవుతుంది. చచ్చిన తర్వాత చేస్తే సమాధిరాయి అవుతుంది. మన చెరువుల్లో ఇంకా వల పడుతున్నది. మన దగ్గర ఇంకా కొంత వ్యవధి ఉన్నది. ఎంత ఉన్నదో జల్‌పల్లి చెరువు చుట్టూ ఒకసారి నడిచి వచ్చినవారికి అర్థమవుతుంది.

మొదలుపెట్టడానికి భవనం అక్కరలేదు, చందా పుస్తకం అక్కరలేదు. రాష్ట్రంలో తెలుగు చెప్పే కళాశాలలు వందలున్నాయి. ప్రతి కళాశాలకూ దగ్గరలో ఒక చెరువో, ఏరో, రేవో ఉండకపోదు. ప్రబంధాల్లోని జలక్రీడా వర్ణనల మీద ఏటా వ్యాసాలు రాయించే అధ్యాపకులం, ఒక్క ఏడాది పిల్లలను ఆ గట్టు మీదికి పంపుదాం. వల బాగుచేసుకుంటున్న ముసలాయన పక్కన కూర్చుని, "తాతా, ఈ ముడినేమంటారు? ఈ గుండ్లు ఎన్ని కడతారు? మీ నాయన ఏ చెరువులో వేసేవాడు?" అని అడిగి రాసుకోమందాం. ఆ నోటుపుస్తకం ఒక ప్రతి మనకు, ఒక ప్రతి ఆయన ఇంటికి. గది తర్వాత వస్తుంది. ముందు ఈ వేసవిలోనే, నీళ్ళు తగ్గి గట్టు మీద వలలు ఆరేసిన రోజుల్లోనే, పోవాలి. ముసలాయనకు మన తీరిక దాకా ఆగే ఓపిక ఉంటుందని నేను నమ్మను.